రంగూన్ కాందిశీకులు: లెక్కకెక్కని గాయం

ద్రాక్షారామానికి తూర్పున ఉన్న కోరంగి రేవు 1839 నాటి తుపానుకు దెబ్బతిని క్రమంగా పూడిపోగా, గోదావరి తూర్పు డెల్టా సముద్ర వ్యాపారం కాకినాడకు మళ్లింది. అక్కడి నుంచి పొగఓడలెక్కి బర్మా చేరిన కూలీలు, మేస్త్రీలు (కూలీలను సమకూర్చి వారి వేతనంలో వాటా పుచ్చుకునే పెద్దలు) ముందుగా ఇచ్చిన బయానాకు కట్టుబడి రంగూన్ ధాన్యం మిల్లుల్లోనూ ఓడరేవులోనూ పనిచేశారు. పాత రేవు పేరిటే బర్మీయులు వారిని కోరంగీలన్నారు.

ఆ బతుకులో భయం జపాను దాడులకు ముందే చోటుచేసుకుంది. 1930 మేలో సమ్మె చేసిన తెలుగు రేవు కూలీల స్థానంలో బర్మీయులను పెట్టుకున్న యజమానులు, సమ్మె ముగియగానే వారిని తొలగించడంతో అల్లర్లు చెలరేగి వందమందికి పైగా మరణించారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేయగా లక్షలాది భారతీయులు అరకాను, మణిపురం కొండదారుల్లో కాలినడకన బయలుదేరారు. కలరా, మలేరియా, ఆకలి వేలమందిని దారిలోనే బలిగొన్నాయి. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీదా బాంబులు పడడంతో, రంగూన్ దాడుల నుంచి పారిపోయి వచ్చినవారికి సొంత తీరమూ నిర్భయమైన చోటుగా మిగలలేదు.

1962లో అధికారం చేజిక్కించుకున్న నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసి, 1964లో పెద్ద నోట్లను రద్దు చేయడంతో మరో వెల్లువ మొదలైంది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ కాందిశీకుల రాకకు నేటికీ ఆనవాలు. పునరావాసమంటే ప్రధానంగా ఇల్లు, రుణం, ఉపాధి అనుకునే కాలమది. ఘోర అనుభవం గడిచిపోయాక కూడా పీడకలలుగా, ఉలికిపాటుగా వెంటాడే స్థితిని అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది ఆ తరువాతే, 1980లో. భారత జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది 1982లో.

ఆ గుర్తింపు వచ్చాకే, 1959 తరువాత భారత్ చేరిన టిబెటన్ కాందిశీకుల్లో చిత్రహింసలకు గురైనవారిని, గురికానివారిని పోల్చి చూసిన పరిశోధనలు 1990లలో వెలువడ్డాయి. అందువల్ల హింస మిగిల్చిన గాయాన్నీ ప్రవాసం మిగిల్చిన గాయాన్నీ వేరుచేసి చూడడం సాధ్యమైంది. బర్మా కాందిశీకుల తరం ఆ గుర్తింపుకు ముందే తిరిగివచ్చింది. కాబట్టి పునరావాస చరిత్రలో వారి మనోవ్యథ కనిపించకపోవడాన్ని వారు తేరుకున్నారనడానికి సాక్ష్యంగా తీసుకోకూడదు. ఆనాటి సహాయం ఆస్తినష్టం గురించి అడిగింది గాని మనసు గురించి అడగలేదన్నదే దాని అర్థం.