ఫిలిప్పీన్స్ వంటింట్లో తిలాపియా

తిలాపియా ఫిలిప్పీన్స్‌లో పుట్టిన చేప కాదు, దాని పుట్టిల్లు ఆఫ్రికా. 1950లో, దియోగ్రాసియాస్ విల్యాడొలిద్ మత్స్యశాఖ అధిపతిగా ఉన్నప్పుడు, థాయిలాండ్ నుంచి మొజాంబిక్ తిలాపియాను తెప్పించారు. అప్పటికి యుద్ధం ముగిసి అయిదేళ్లే. పేదల అన్నం పళ్లెంలోకి చవకగా మాంసకృత్తులు చేర్చాలన్నది సర్కారు ఆలోచన. పెరటి గుంటల్లో పెంచుకోమని జనాన్ని ప్రోత్సహించారు.

అది పెరగలేదు గానీ, పిల్లల్ని మాత్రం విపరీతంగా పెట్టింది. తిలాపియా రెండు మూడు నెలలకే ఈడుకొస్తుంది. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది కాబట్టి పిల్లలు చాలామటుకు దక్కుతాయి. దాంతో చెరువు నిండా నల్లటి బుల్లి చేపలే. చిన్న చేప కదా, ముల్లు ఎక్కువ, కండ తక్కువ. పైగా బంగుస్ అనే చేపను పెంచే ఉప్పునీటి చెరువుల్లోకి చొరబడి అక్కడి మేతకు పోటీ వచ్చింది. రైతులు దాన్ని చెరువుకు పట్టిన పీడగా చూశారు, కొనేవాళ్లు మొహం తిప్పుకున్నారు. పోషకాల పట్టిక ఎంత ఘనంగా ఉన్నా తినేవాళ్లు లేకపోతే ఆ పోషకాలు ఎవరికి?

1972లో వచ్చిన నైలు తిలాపియా ఈ కథను మార్చింది. ఇది రంగులో తేట, ఒళ్లు లావు, ఎదుగుదల వేగం. 1970ల నడుమ లగునా ప్రావిన్సులోని సరస్సుల్లో వల పంజరాలు కట్టి పెంచడం మొదలైంది, తరువాత తాల్ సరస్సుకూ పాకింది. మగ పిల్లల్నే వదిలే పద్ధతి రావడంతో చెరువులో సంతానం పెరిగిపోయే బెడదా తగ్గింది. 1988లో ఇక్లార్మ్ పరిశోధన సంస్థ నార్వే శాస్త్రవేత్తలతో, సెంట్రల్ లూజాన్ విశ్వవిద్యాలయంతో కలిసి మేలైన తిలాపియా సంతతి కోసం గిఫ్ట్ అనే పథకం చేపట్టింది. ఈజిప్టు, ఘనా, కెన్యా, సెనెగల్ నీళ్ల నుంచి తెచ్చిన చేపల్ని ఆసియా చెరువుల రకాలతో కలిపి, తరం తరంలో మేలైనవాటిని ఏరుతూ పోయారు. ఎదుగుదల తరానికి సుమారు 10 నుంచి 15 శాతం పెరిగింది. ఆ సంతతి తరువాత కృష్ణా జిల్లా మానికొండలోని రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రానికీ చేరింది.

నూరు గ్రాముల పచ్చి తిలాపియా కండలో మాంసకృత్తులు దాదాపు 20 గ్రాములు, కొవ్వు రెండు గ్రాముల లోపు, శక్తి నూరు కేలరీల లోపు. బి12, సెలీనియం బాగానే ఉంటాయి. లోటు ఒమేగా-3 కొవ్వుల్లో ఉంది. కొవ్వే తక్కువైన చేపలో అవి మాత్రం ఎక్కడ నుంచి వస్తాయి? ఈ విషయంలో తంబాన్ అనే చవక సముద్రపు చేప దీనికంటే మేలు. మేతకూ ఇందులో పాత్ర ఉంది: నీటిలోని నాచును తిని పెరిగిన చేపలో ఒమేగా-3 పాలు, గింజల మేత తిన్నదాని కంటే ఎక్కువ.

అయితే పళ్లెంలోకి వచ్చేసరికి ఈ అంకెలు నిలవవు. సినిగాంగ్ అనే పులుసులో చేప చింతకాయ పులుపుతో, ముల్లంగి, తూటికూరతో నీళ్లలోనే ఉడుకుతుంది. పాక్సివ్ అనే వంటకంలో వెనిగర్, అల్లం, వెల్లుల్లి. ఈ రెండింట్లోనూ కొవ్వు పెరగదు, చేపసారం పాతిస్ వల్ల ఉప్పు మాత్రం పెరుగుతుంది. పులుపుతో ఇంకో లాభం ఉంది. చెరువు చేపకు మట్టివాసన తెచ్చేది నీలి-ఆకుపచ్చ నాచు వంటి సూక్ష్మజీవులు విడిచే జియోస్మిన్, ఆమ్లం దాన్ని విరిచేస్తుంది. వేపుడు వేరే లెక్క. చేప పక్కలకు గాట్లు పెట్టి, ఉప్పు రాసి, తోకా రెక్కలూ కరకరలాడేదాకా నూనెలో వేయిస్తారు. సోయా సాస్‌లో కలమాన్సి నిమ్మరసం పిండి నంజుకుంటారు. కొవ్వులేని చేప అన్న పేరు ఆ మూకుడులోనే పోతుంది. బికోల్ ప్రాంతపు సినాంగ్లాయ్ అనే వంటకంలో చేప పొట్టలో టమాటా, ఉల్లి, అల్లం కూరి, పెచాయ్ ఆకుల్లో చుట్టి, నిమ్మగడ్డితో కట్టి, కొబ్బరిపాలలో ఉడికిస్తారు. అందులోని కొవ్వంతా కొబ్బరిదే, రుచి కూడా చాలావరకు దానిదే అనాలి.

అదే బికోల్‌లో, బుహి సరస్సులో, సెంటీమీటరు పైచిలుకు పొడవుండే సినరపన్ అనే చేప దొరికేది. దాన్ని ముల్లుతో సహా తినేవారు కాబట్టి కాల్షియం కూడా అందేది. తిలాపియా ముల్లు పళ్లెం అంచునే మిగిలిపోతుంది. సన్నకన్ను వలలతో ఊడ్చిపట్టడం ఒకవైపు, బయటి నుంచి తెచ్చి వదిలిన తిలాపియా వంటి చేపలు మరోవైపు కలిసి సినరపన్‌ను ఆ సరస్సులో దాదాపు తుడిచిపెట్టాయి. ఇప్పుడు సమీపంలోని మనపావ్ వంటి చిన్న సరస్సుల్లో దాన్ని కాపాడుకొస్తున్నారు.