తలకు వందేళ్ళు ఎందుకు పట్టింది

క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. లోపల కార్క్ ఉండ, దాని మీద బిగించి చుట్టిన దారం, పైన గట్టిగా కుట్టిన తోలు. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో బౌలర్ చేయి వదిలిన ఆ బంతి దాదాపు అర సెకనులో బ్యాటర్ దగ్గరికి వచ్చేస్తుంది. అది ఎక్కడ పడుతుందో, ఎంత ఎత్తు లేస్తుందో చూడాలి, ఆడాలా వంగాలా తేల్చుకోవాలి, ఆ తర్వాత ఒళ్ళు కదిలించాలి. ఇదంతా ఆ అర సెకనులోనే జరగాలి. ఇందులో ఉన్న ప్రమాదం ఆడేవాళ్ళకు మొదటినుంచీ తెలుసు. కాళ్ళకు ప్యాడ్లు, చేతులకు గ్లవ్స్ పందొమ్మిదో శతాబ్దం మధ్యనాటికే అలవాటయ్యాయి. తల సంగతి మాత్రం అలా జరగలేదు. తొలి టెస్ట్ మ్యాచ్ 1877 మార్చిలో జరిగితే, టెస్టులో ఒక బ్యాటర్ హెల్మెట్ పెట్టుకుని క్రీజులోకి వచ్చింది 1978 మార్చిలో. వేలు విరిగితే కొన్నాళ్ళకు అతుక్కుంటుంది, కపాలం పగిలితే మనిషే దక్కడు. అయినా రక్షణ వేలికి ముందు దొరికింది, తలకు చివర దొరికింది. వస్తువు తయారుచేసే నేర్పు లేక ఈ ఆలస్యం జరిగిందని అనేకులు అనుకుంటారు. నేనలా అనుకోను. పదిమంది చూస్తుండగా తల కాపాడుకోవడం పిరికితనంగా కనిపిస్తుందన్న భయమే అసలు కారణమని నా వాదన.

ఈ భయం హెల్మెట్‌తో మొదలవలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో రాబర్ట్ రాబిన్సన్ అనే ఇంగ్లిష్ ఆటగాడు కాళ్ళకు రెండు పలుచని చెక్కలు కట్టుకుని బ్యాటింగుకు వచ్చాడు. బంతి చెక్కకు తగిలినప్పుడల్లా టకామని చప్పుడైంది, చూసేవాళ్ళు పగలబడి నవ్వారు. పాపం, ఆ నగుబాటు భరించలేక అతను వాటిని వదిలేశాడు. అప్పట్లో బౌలర్లు చేతిని నడుము దగ్గరే ఉంచి బంతి విసిరేవాళ్ళు కాబట్టి కాళ్ళకు దెబ్బ తగిలినా ఓర్చుకోవచ్చు అనుకున్నారు. 1835లో భుజం ఎత్తు వరకూ చేయి లేపి బంతి వేయడానికి నిబంధనలు ఒప్పుకున్నాయి. ఆ మరుసటి ఏడాదే లెస్టర్‌లో ఉత్తర, దక్షిణ ఇంగ్లండ్ జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లో ఆల్‌ఫ్రెడ్ మిన్ కథ నడిచింది. మిన్ ఆ కాలపు ఆజానుబాహువు, ప్రేక్షకులు ఎగబడి చూసే ఆటగాడు. మ్యాచ్‌కు ముందే కాలికి గట్టి దెబ్బ తగిలినా, ప్యాడ్ లేకుండా ఆ కాలి మీదే మళ్ళీ మళ్ళీ దెబ్బలు తింటూ 125 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. ఆట ముగిసేసరికి కాలు ఎంత వాచిందంటే గుర్రపు బండి లోపల పట్టలేదు. బండి కప్పు మీద పడుకోబెట్టి లండన్ తీసుకెళ్ళారు. కాలు తీసేయాలా అని వైద్యులు ఆలోచించే దాకా వెళ్ళింది. కాలు నిలిచింది కానీ అతను చాలాకాలం ఆటకు దూరమయ్యాడు. ప్యాడ్లు మామూలైపోయింది ఆ తర్వాతి ఏళ్ళలోనే. రాబిన్సన్‌ను చూసి నవ్వినట్టు మిన్‌ను చూసి నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. అంతటివాడి కాలే అలా అయ్యిందంటే ప్యాడ్ కట్టుకున్నవాణ్ణి పిరికివాడు అనడం కష్టం. వస్తువు అప్పటికే ఉంది, దానికి కావలసింది అలాంటి ఒక మనిషి పూచీ.

తల విషయంలో ఆ పూచీ పడే మనిషి దొరకలేదు. అందుకే వచ్చిన రక్షణలు దొంగచాటుగా వచ్చాయి. గజ్జల్లో పెట్టుకునే గార్డును ఎవరూ ఎగతాళి చేయలేదు, అది ప్యాంటు లోపల ఉంటుంది కనుక. 1933లో లార్డ్స్‌లో వెస్టిండీస్ మీద ఆడుతూ ఇంగ్లండ్ ఆటగాడు ప్యాట్సీ హెండ్రెన్ మూడు అంచులున్న టోపీ పెట్టుకున్నాడు. లోపల రబ్బరు పెట్టి అతని భార్య చేసిచ్చిన టోపీ అది. ముందు ఉన్న అంచు మామూలుదే, మిగతా రెండూ కణతల మీదికి దిగేవి. అంతకు కొద్ది నెలల ముందే అడిలైడ్‌లో ఇంగ్లండ్ బౌలర్ హెరాల్డ్ లార్‌వుడ్ బంతికి ఆస్ట్రేలియా ఆటగాడు బర్ట్ ఓల్డ్‌ఫీల్డ్ కపాలం చిట్లింది. ప్రపంచమంతా ఆ వార్త చదివింది. అయినా హెండ్రెన్ టోపీ ఒక విడ్డూరంగానే మిగిలింది. ఆ దారిన రెండోవాడు నడవలేదు. 1977లో మైక్ బ్రియర్లీ ఇంగ్లండ్ టోపీ కింద ప్లాస్టిక్ చిప్ప పెట్టుకుని ఆడాడు. తర్వాత సునీల్ గవాస్కర్ కూడా టోపీ కింద దాగే కవచమే ఎంచుకున్నాడు, హెల్మెట్ ఏనాడూ పెట్టుకోలేదు. కవచం తలకు కావాలి, కానీ టోపీ టోపీలాగే కనిపించాలి. పిరికివాడిలా కనిపిస్తామన్న ఈ భయాన్నే నేను పరువు అంటున్నాను.

మన దగ్గర ఈ పరువు ఎంత లోతుగా పాతుకుపోయిందో సి.కె. నాయుడు గురించి చెప్పుకునే మాటల్లో తెలుస్తుంది. నాగపూర్‌లో పుట్టిన ఈ తెలుగువాడు భారత టెస్ట్ జట్టుకు తొలి కెప్టెన్. యాభై దాటిన వయసులో రంజీ మ్యాచ్‌లో దత్తూ ఫడ్కర్ బంతి నోటికి తగిలి పళ్ళు ఊడితే, చికిత్స వద్దని, ఆ పళ్ళను పిచ్ మీద నుంచి పక్కకు తోసి, వేగం తగ్గించకుండా వేయమని బౌలర్‌ను గదమాయించాడని చెబుతారు. ఆ కథ చెప్పేవాళ్ళ గొంతులో వినిపించేది గర్వం. ఆ గర్వాన్ని నేను తప్పుపట్టను, ఆ మనిషి గుండెదిటవు నిజమైనదే. కానీ అదే గర్వం తర్వాతి తరాలకు ఒక హెచ్చరికలా కూడా పనిచేసింది. పళ్ళు రాలినా తొణకని మనిషిని ఆదర్శంగా నిలిపిన ఆటలో, దెబ్బ తగలకముందే జాగ్రత్తపడ్డవాడికి గౌరవం ఎక్కడిది?

1962 మార్చిలో బార్బడోస్‌లోని కెన్సింగ్టన్ ఓవల్‌లో జరిగింది మనకు మరింత దగ్గరి ఉదాహరణ. వెస్టిండీస్ పర్యటనకు వెళ్ళిన భారత జట్టుకు నారీ కాంట్రాక్టర్ కెప్టెన్, వయసు 28. బార్బడోస్ జట్టుతో జరిగిన మ్యాచ్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి ఎడమచేతి వాటం ఆటగాడైన అతని కుడి చెవి పైన తగిలింది. కపాలం పగిలింది. ప్రాణం నిలపడానికి ఒకటికి రెండు శస్త్రచికిత్సలు చేయాల్సి వచ్చింది. రక్తమిచ్చినవాళ్ళలో తోటి ఆటగాళ్ళతో పాటు వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ కూడా ఉన్నాడు. కాంట్రాక్టర్ బతికాడు, తలలో లోహపు పలకతో దేశవాళీ క్రికెట్‌కు తిరిగొచ్చాడు కూడా. టెస్ట్ మాత్రం మళ్ళీ ఆడలేదు. 21 ఏళ్ళ పటౌడీ కెప్టెన్ అయ్యాడు. ఆ పర్యటన గురించి మనం పటౌడీ చిన్న వయసును, వొరెల్ మంచితనాన్ని తరచు తలుచుకుంటాం. రెండూ తలుచుకోవలసినవే. ఒక దేశపు కెప్టెన్ తల పగిలిన తర్వాత కూడా పదహారేళ్ళు టెస్టుల్లో ఎవరూ హెల్మెట్ ముట్టలేదన్న సంగతి మాత్రం మన చర్చల్లో రాదు. 1975లో ఆక్లండ్‌లో పీటర్ లీవర్ బంతి కణతకు తగిలి న్యూజిలాండ్ ఆటగాడు ఎవెన్ చాట్‌ఫీల్డ్ గుండె ఆగిపోతే, ఇంగ్లండ్ జట్టు ఫిజియో బెర్నార్డ్ థామస్ మైదానంలోనే ఊపిరి పోశాడు. అదీ చాలలేదు. ఇన్ని దెబ్బలు చేయలేని పనిని మరొక దెబ్బ చేస్తుందని ఎలా నమ్మడం?

తేలిగ్గా, గట్టిగా ఉండే పదార్థాలు అప్పట్లో లేవు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇందులో కొంత నిజముంది. బరువైన కవచంతో అర సెకనులో తల తిప్పడం కష్టం, ఎండలో గంటల తరబడి ఆడటం ఇంకా కష్టం. కానీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో గట్టి ప్లాస్టిక్ హెల్మెట్లు 1939లోనే వచ్చాయి. బైకు నడిపేవాళ్ళ హెల్మెట్లు బజారులో దొరికేవి. అసలు పదార్థమే అడ్డు అయితే, అది దొరికిన ఆటల్లో ఆలస్యం ఉండకూడదు. బేస్‌బాల్‌లో 1920లో రే చాప్‌మన్ తలకు బంతి తగిలి చనిపోయాడు. మేజర్ లీగ్‌లో బ్యాటర్లకు హెల్మెట్ తప్పనిసరి అయింది 1971లో, అదీ కొత్తగా వచ్చేవాళ్ళకే. పాతవాళ్ళకు ఇష్టముంటే పెట్టుకోవచ్చు అన్నారు. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ కూడా 1979లో ఇలాంటి నిబంధనే పెట్టింది, అక్కడ హెల్మెట్ లేకుండా ఆడిన చివరి ఆటగాడు 1997 దాకా ఆడాడు. పదార్థం అందరికీ ఒకటే, బంతికీ, ఐస్ హాకీలో కొట్టే పక్‌కీ పాతవాడు, కొత్తవాడు అన్న తేడా తెలియదు. ఆ మినహాయింపు పాతవాళ్ళ గౌరవానికి ఇచ్చిందే తప్ప మరొకటి కాదు.

దీనికంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది. డెబ్బయిలలో ఫాస్ట్ బౌలింగ్ తీరే మారిపోయిందని, లిల్లీ, థామ్సన్, రాబర్ట్స్, హోల్డింగ్ లాంటివాళ్ళు వరుసగా వస్తుంటే హెల్మెట్ తప్పలేదని అంటారు. ఒకరి తర్వాత ఒకరుగా రోజంతా అదే వేగం ఎదుర్కోవడం కొత్త అనుభవమేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే లార్‌వుడ్, గ్రిఫిత్ వేగానికి తలలు పగిలినప్పుడు రాని హెల్మెట్ ఇప్పుడే ఎందుకొచ్చింది? ఆస్ట్రేలియా మీడియా యజమాని కెర్రీ ప్యాకర్ బోర్డులకు పోటీగా నడిపిన వరల్డ్ సిరీస్ క్రికెట్ ఇక్కడ ముఖ్యం. 1977 డిసెంబరులో సిడ్నీలో ఆండీ రాబర్ట్స్ బంతికి డేవిడ్ హుక్స్ దవడ విరిగింది. అతను ఆ పోటీకి పెద్ద ఆకర్షణ. అదే పోటీలో ఇంగ్లండ్ బ్యాటర్ డెన్నిస్ ఎమిస్ బైకు హెల్మెట్ తరహాలో చేయించుకున్న కవచంతో ఆడాడు. అది బరువుగా, ఉక్కపోతగా ఉండేది, అవతలి బ్యాటర్ పరుగుకు పిలిస్తే సరిగా వినిపించేది కాదు. అయినా పెట్టుకున్నాడు. సంప్రదాయ క్రికెట్‌ను కాదని వచ్చిన ఆటగాళ్ళు, రాత్రి దీపాలు ఉన్నచోట ఇంకొక కొత్తదనానికి ప్రతిఘటన తక్కువ. అక్కడ ఆడేవాళ్ళకు క్రికెట్ జీవనోపాధి, దెబ్బ తగిలితే పోయేది సొంత జీతం. మరుసటి మార్చిలో, కాంట్రాక్టర్ పడిపోయిన ఆ కెన్సింగ్టన్ ఓవల్‌లోనే, ఆస్ట్రేలియా బ్యాటర్ గ్రాహం యాలప్ టెస్టులో తొలిసారి హెల్మెట్ పెట్టుకుని దిగాడు. ప్రేక్షకులు గేలి చేశారు. అతను దాన్ని తీయలేదు. వేగం అవసరాన్ని పెంచిన మాట నిజమే, అనుమతి మాత్రం ఆ బయటి పోటీ నుంచి వచ్చింది.

హెల్మెట్ బ్యాటర్లను అజాగ్రత్తగా మార్చిందన్నది ఇప్పటికీ వినిపించే మాట. బంతి మీంచి చూపు తిప్పుకోకుండా తప్పుకునే విద్య తగ్గిందని, తగిలినా ఫర్వాలేదన్న ధీమాతో హుక్ షాట్ ఆడుతున్నారని పాత తరం అంటుంది. షార్ట్ లెగ్‌లో ఫీల్డర్లు మరింత దగ్గరికి జరిగారన్నదీ నిజమే. కానీ ఆ చోట ఏం జరుగుతుందో 1998 ఫిబ్రవరిలో ఢాకాలో చూశాం. భారత మాజీ ఆటగాడు రామన్ లాంబా క్లబ్ మ్యాచ్‌లో షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. ఓవర్లో కొద్ది బంతులే మిగిలాయి కదా అని హెల్మెట్ తెప్పించుకోలేదు. బ్యాటర్ కొట్టిన బంతి అతని నుదుటికి తగిలి వికెట్ కీపర్ చేతుల్లోకి ఎగిరింది. బ్యాటర్ అవుటయ్యాడు, లాంబా మూడు రోజుల తర్వాత చనిపోయాడు. అజాగ్రత్త వల్ల తగిలే దెబ్బలు కొన్ని పెరిగి ఉండవచ్చు. అవి తగిలినవాళ్ళలో ఎక్కువమంది లేచి నిలబడి మళ్ళీ ఆడుతున్నారంటే ఆ లెక్క హెల్మెట్ ఖాతాలోకే వస్తుంది. అర సెకను చాలని చోట ఎంత గొప్ప విద్యకైనా హద్దుంటుంది, కాంట్రాక్టర్ విద్య లేనివాడు కాదు.

హెల్మెట్ అలవాటయ్యాక కూడా అదే పోరు దాని అంగుళాల మీద నడిచింది. 1986లో జమైకాలో ముందు జాలీ లేకుండా ఆడిన మైక్ గ్యాటింగ్ ముక్కును మాల్కం మార్షల్ బంతి పగలగొట్టింది. క్రమంగా జాలీలు అలవాటయ్యాయి. కానీ పైన అంచుకూ జాలీకీ మధ్య ఖాళీ ఎక్కువుంటే బాగా కనిపిస్తుందని చాలామంది దాన్ని వెడల్పు చేసుకునేవాళ్ళు. 2014 ఆగస్టులో ఓల్డ్ ట్రఫర్డ్‌లో వరుణ్ ఆరన్ బంతి సరిగ్గా ఆ ఖాళీలోంచి దూరి స్టూవర్ట్ బ్రాడ్ ముక్కు విరగ్గొట్టింది. 2013లో సవరించిన బ్రిటిష్ ప్రమాణం పరీక్షించేది ఇదే, బంతి ఆ సందులోంచి ముఖాన్ని తాకుతుందా అని. హెల్మెట్ పెట్టుకుంటే ఆ ప్రమాణానికి తగినదే ఉండాలని ఐసీసీ 2017లో నిబంధన తెచ్చింది. అంతకుముందే, 2014 నవంబరు 25న, సిడ్నీలో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూజ్ హుక్ చేయబోయిన బంతి హెల్మెట్ కింద మెడకు తగిలింది. మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని చిట్లి రెండు రోజుల తర్వాత అతను మరణించాడు. కొత్త నమూనా హెల్మెట్ ఉన్నా ఆ చోటును కాపాడేది కాదని తర్వాతి సమీక్షలో తేలింది. హ్యూజ్ మరణం తర్వాత మెడ వెనక తగిలించే గార్డులు వచ్చాయి. ఇష్టమున్నవాళ్ళు పెట్టుకోవచ్చు అన్నారు.

2019 ఆగస్టులో లార్డ్స్‌లో జోఫ్రా ఆర్చర్ బంతి స్టీవ్ స్మిత్ మెడకు తగిలి అతను నేల మీద పడిపోయినప్పుడు ఆ గార్డు లేదు. అది పెట్టుకుంటే ఇరుకులో చిక్కుకున్నట్టు ఉంటుందని స్మిత్ చెప్పాడు. అతని బాధ అబద్ధమని నేను అనను. హ్యూజ్ జట్టు సహచరుడే తనకు ఆ గార్డు వద్దనుకున్నాడంటే దెబ్బల జ్ఞాపకం మీద ఆధారపడటం ఎంత బలహీనమో తెలుస్తోంది. పరువు స్థానంలో సౌకర్యం వచ్చింది, నిర్ణయం మళ్ళీ ఒంటరి బ్యాటర్ మీదే పడింది. 2023 అక్టోబరు 1 నుంచి ఫాస్ట్, మీడియం పేస్ బౌలింగ్‌ను ఎదుర్కొనే ప్రతి ఆటగాడూ మెడ గార్డు పెట్టుకోవాలని క్రికెట్ ఆస్ట్రేలియా నిబంధన చేసింది. ఈసారి కొత్తవాళ్ళని, పాతవాళ్ళని విడదీయలేదు. స్మిత్ కూడా పెట్టుకోవలసిందే.