మాంగర్ బనీ: కెమెరా చూసిన ఆరావళి

ఫరీదాబాద్: జిల్లాలోని మాంగర్ బనీ ఆరావళి కొండల్లో మిగిలిన అరుదైన సహజ వనాల్లో ఒకటి. గుదరియా దాస్ బాబా పేరిట స్థానికులు కొమ్మయినా నరకని ఈ లోయలో ధౌ చెట్లదే ఆధిపత్యం. పశువులు మేసినచోట ధౌ నేలబారు పొదగా పాకుతుంది. మేత లేనిచోట నిలువునా ఎదుగుతుంది. ఆ తేడాను పట్టిచూపే ఛాయాచిత్రం చిరుత బొమ్మకు తీసిపోదు. చిరుతల నమోదుకు కాలిబాటల పక్కన, కదలికను పసిగట్టే స్వయంచాలిత కెమెరాలు అమరుస్తారు. మచ్చల అమరిక ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది కనుక చిత్రాలతోనే లెక్క తేలుతుంది. పొరుగున ఉన్న అసోలా భట్టీ అభయారణ్యంలో చిత్రీకరణకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి అవసరం. 2009లో సుప్రీంకోర్టు ఫరీదాబాద్ ఆరావళిలో గనుల తవ్వకాన్ని నిలిపివేసినా, ఏది అడవి అన్న వివాదం ఆగలేదు. తేదీ, స్థలం నమోదైన చిత్రానికి అక్కడే విలువ.