కట్ ఫ్లవర్స్ నిల్వ

కాడతో కోసి అమ్మే గులాబీ, కార్నేషన్, గ్లాడియోలస్ వంటి పూలను కోత తర్వాత వాడిపోకుండా కాపాడే పద్ధతి. కోసిన పువ్వు శ్వాసక్రియ సాగిస్తూ తనలోని చక్కెరలను ఖర్చు చేసుకుంటుంది; చలి ఆ వేగాన్ని తగ్గిస్తుంది. గులాబీకి 0–2 డిగ్రీల సెల్సియస్, 90–95 శాతం గాలి తేమ అనుకూలం. ఆంథూరియం వంటి ఉష్ణమండల పూలు అంత చలికి నల్లబడతాయి. వాటిని 12 డిగ్రీలకు పైనే ఉంచాలి. కాడలో గాలి బుడగ చేరినా, బ్యాక్టీరియా పెరిగినా నీరు పైకెక్కక గులాబీ మెడ వాల్చేస్తుంది. కాడ కొసను నీటిలో ముంచి 2–3 సెంటీమీటర్లు మళ్లీ కోస్తే పువ్వు తేరుకుంటుంది. మాగే అరటి, మామిడి పండ్లు విడిచే ఇథిలీన్ వాయువుకు కార్నేషన్ రేకులు ముడుచుకుపోతాయి కనుక పూలను పండ్లతో కలిపి ఉంచరు. గ్లాడియోలస్‌ను నిలువుగానే నిల్వ చేస్తారు. పడుకోబెడితే కొస పైకి వంకర తిరుగుతుంది.