ముష్టియోధుని వ్యాజ్యంలో ఒక ఆయతు

1971 జూన్ 28వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు సైనిక నిర్బంధ భర్తీకి సంబంధించిన ఒక అప్పీలుపై తీర్పు చెప్పింది. అప్పీలుదారు ప్రపంచ హెవీవెయిట్ ముష్టియోధుడు మహమ్మద్ అలీ. కోర్టు కాగితాలలో మాత్రం ఆయన కేషియస్ క్లే. మహమ్మద్ అలీ అన్నది వెనుక తగిలించిన మారుపేరు. నెల్లూరు జిల్లా పడమటి సీమలో, కొండాపురం మస్జిదులోనో ఉదయగిరి మస్జిదులోనో ఆ పేరుతో ఎవరినైనా పిలిస్తే ఇద్దరు ముగ్గురు తిరిగి చూస్తారు. అంత మామూలు పేరును అచ్చువేయడానికి అమెరికాలో చాలా పత్రికలకు ఏళ్ల తరబడి మనసొప్పలేదు.

అలీ 1942 జనవరి 17న కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో జన్మించారు. తండ్రి అంగళ్లకు బోర్డులు వ్రాసేవాడు. తల్లి ఇతరుల ఇళ్లలో పనిచేసేది. పన్నెండవ ఏట ఆయన సైకిలు దొంగలపాలైంది. ఆ ఫిర్యాదు విన్న పోలీసు ఉద్యోగి జో మార్టినే ఆయనకు ముష్టియుద్ధంలో మొదటి గురువు. 1960లో రోమ్ ఒలింపిక్స్ స్వర్ణపతకం, 1964 ఫిబ్రవరి 25న సోనీ లిస్టన్‌పై గెలుపుతో ప్రపంచ బిరుదు దక్కాయి. మరునాడే తన మతవిశ్వాసాన్ని బహిరంగంగా చెప్పారు. మార్చి 6న ఎలైజా ముహమ్మద్ ఆయనకు కొత్త పేరు పెట్టారు.

ఎలైజా నడిపిన 'నేషన్ ఆఫ్ ఇస్లాం' సిద్ధాంతాలను ఇస్లాంగా అంగీకరించడం సాధ్యం కాదు. ఎలైజాను దైవసందేశహరునిగా చెప్పుకోవడం ఖత్మె నుబువ్వత్‌కు విరుద్ధం. తెల్లవారిని పుట్టుకతోనే దుష్టులనడం ఖుర్ఆన్ బోధకు విరుద్ధం. 1975లో ఎలైజా మరణించాక ఆయన కుమారుడు వారిస్ దీన్ ముహమ్మద్ ఆ సమాజాన్ని సున్నీ మార్గానికి మళ్లించారు. అలీ ఆయన వెంట నడిచారు. ఇక ముష్టియుద్ధం ధర్మసమ్మతమా అన్నది వేరే చర్చ. ముఖంపై కొట్టరాదన్న హదీసు ప్రసిద్ధం. 1987లో మక్కాలోని ఫిఖ్ మండలి ఈ ఆటను నిషిద్ధమనే తేల్చింది.

1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్ భర్తీ కేంద్రంలో తన పేరు పిలిచినప్పుడు అలీ ముందుకు అడుగు వేయలేదు. ఆ రోజే న్యూయార్క్ క్రీడాధికారులు ఆయన లైసెన్సు నిలిపివేశారు. ప్రపంచ బిరుదు పోయింది. జూన్ 20న అయిదేళ్ల జైలు, పదివేల డాలర్ల జరిమానా విధించారు. అప్పీలు వల్ల జైలు తప్పింది కాని, మూడున్నరేళ్లు బరిలో దిగే వీలు లేకపోయింది. ఇరవై అయిదవ ఏట మొదలైన ఆ విరామం ఇరవై ఎనిమిదవ ఏట ముగిసింది. ముష్టియోధునికి అంతకంటె విలువైన వయస్సు లేదు.

చట్టం ప్రకారం మినహాయింపు కోరేవాడు యుద్ధాన్ని ఏ రూపంలోనైనా వ్యతిరేకించాలి. అది మతశిక్షణ వల్ల కలిగినదై ఉండాలి, నిజాయితీ గలదై ఉండాలి. 1966లో విచారణ జరిపిన విశ్రాంత న్యాయమూర్తి అలీ నిజాయితీని నమ్మారు. న్యాయశాఖ మాత్రం మూడు షరతులూ తీరలేదని అప్పీళ్ల బోర్డుకు వ్రాసింది. అల్లాహ్ ఆజ్ఞాపించిన యుద్ధంలో తప్ప పాల్గొననని అలీ చెప్పి ఉన్నారు. అంటే ఒక యుద్ధానికి ఒప్పుకుంటున్నాడు కదా అని ప్రభుత్వ వాదం. నిజానికి 1955లోనే ఇదే కోర్టు, దైవరాజ్యం కోసం పోరాడతానన్న ఒక యెహోవా సాక్షికి ఆ కారణంగా మినహాయింపు నిరాకరించరాదని చెప్పింది. అయితే 1971 మార్చి 8న మరో కేసులో, కొన్ని యుద్ధాలనే వ్యతిరేకించేవారికి మినహాయింపు లేదని తీర్పు వచ్చింది. ఆ రాత్రే న్యూయార్క్‌లో జో ఫ్రేజియర్ చేతిలో అలీ మొదటిసారి ఓడిపోయారు.

జూన్ తీర్పులో ఎనిమిది మంది న్యాయమూర్తులూ శిక్షను రద్దు చేశారు. కాని జిహాద్ ప్రశ్నకు మెజారిటీ తీర్పు జవాబివ్వలేదు. మూడు కారణాలలో రెండు నిలవవని ప్రభుత్వమే ఒప్పుకున్నది. బోర్డు దేనిని ఆధారం చేసుకున్నదో తెలియదు. కనుక శిక్ష చెల్లదు. అంతే.

జిహాద్ గురించి వ్రాసినవారు జస్టిస్ డగ్లస్ ఒక్కరే. ఆయన అలీ పక్షమే వహించారు. ధర్మయుద్ధం తప్ప మరో యుద్ధం చేయననడం అంతఃకరణకు సంబంధించిన విషయమని, దానిని రాజ్యాంగం కాపాడుతుందని ఆయన అభిప్రాయం. హృదయంతో, నాలుకతో, చేతితో చేసే జిహాద్ కూడా ఉన్నదని గుర్తించారు. అయినా జిహాద్ అంటే అవిశ్వాసులపై యుద్ధం చేయమనే ఆజ్ఞ అన్న నిర్వచనంతోనే మొదలుపెట్టారు. దానికి తోడుగా సూరా ముహమ్మద్ నాలుగవ ఆయతును 1734 నాటి జార్జి సేల్ అనువాదం నుండి ఉదహరించారు.

సేల్ లండన్‌లో న్యాయవాది. తన కాలానికి నిజాయితీపరుడే, కాని మరాచీ లాటిన్ అనువాదానికి చాలా ఋణపడినవాడు. ఆయన ఇంగ్లీషులో ఆ ఆయతు, అవిశ్వాసి ఎదురుపడితే చాలు చంపమన్నట్లు మొదలవుతుంది. అరబీలోని 'లఖీతుమ్' అనే క్రియకు ఇక్కడ వ్యాఖ్యాతలు చెప్పిన అర్థం రణరంగంలో తారసపడటం. ఖైదీలను దయతోనో పరిహారంతోనో విడిచిపెట్టమని ఆ వాక్యమే ముందుకు సాగుతుంది. జిహాద్ అనే పదం ఆ ఆయతులో లేనే లేదు.

ఆ సందేహం తీర్చే అనువాదం అప్పటికి నలభై ఏళ్లుగా న్యూయార్క్‌లోనే అచ్చులో ఉన్నది. అది హైదరాబాదులో ఉద్యోగం చేసిన మార్మడ్యూక్ పిక్తాల్‌ది. నిజాం ప్రభుత్వం పూర్తి జీతంతో రెండేళ్లు సెలవు ఇవ్వగా ఆయన దానిని పూర్తి చేశారు, 1930లో వెలువడింది. అదే ఆయతులో పిక్తాల్ 'యుద్ధంలో' అన్న మాటను విడిగా చేర్చి అనువదించారు. ఒక్క మాటే! అది ఉంటే ఆయతు రణరంగానికి పరిమితమవుతుంది. లేకుంటే బజారులో కనబడ్డవాడికి కూడా వర్తిస్తుంది.

తరువాత అలీ 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌ను, 1978లో స్పింక్స్‌ను ఓడించి బిరుదు తిరిగి పొందారు. 1980లో మద్రాసు నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎలిస్‌తో ప్రదర్శన పోటీ ఆడారు. మరుసటి ఏడాది విరమించేనాటికి 61 పోటీలలో 56 గెలిచారు. 1984లో పార్కిన్సన్ వ్యాధి బయటపడింది. 2016 జూన్ 3న మరణించారు. 9వ తేదీన లూయివిల్‌లో వేలాది మంది జనాజా నమాజు చేశారు. సుప్రీంకోర్టు తీర్పుల 403వ సంపుటంలో, 698వ పుటలో ఆ వ్యాజ్యం నేటికీ క్లే పేరుతోనే ఉన్నది. డగ్లస్ అభిప్రాయమూ, సేల్ వాక్యమూ దాని వెంటనే ఉన్నాయి.