సాయుధ పోరాట స్మృతులు (జనగామ ప్రాంతం)

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం (1946–51), నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళాలైన రజాకార్ల దాడుల జ్ఞాపకాలు నేటి జనగామ జిల్లాలోనూ దాన్ని ఆనుకున్న పల్లెల్లోనూ ఇంటి ముచ్చట్లు, స్తూపాలు, పాటలు, పుస్తకాల ద్వారా కొత్త తరాలకు అందుతున్నాయి. 1948లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు తొంభైకి చేరువయ్యారు. కళ్లారా చూసి చెప్పగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు.

నేపథ్యం

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో ఆంధ్ర మహాసభ (సంఘం) కార్యకర్త దొడ్డి కొమురయ్య మరణించారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ సంఘం అండతో తన పంటను ఆ దొర పాలు కానివ్వలేదు. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన బైరాన్‌పల్లిలో యువకులు రక్షక దళంగా ఏర్పడి ఊరి బురుజు మీద కాపలా కాశారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఆ ఊరి మీద విరుచుకుపడి సామూహిక హత్యాకాండ సాగించాయి. మృతులు 80కి పైగా అని కొన్ని కథనాలు, 118 మంది అని మరికొన్ని చెబుతాయి. మూడు వారాలకు, సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయారు.

అందుతున్న దారులు

బైరాన్‌పల్లిలో బురుజు, అమరుల స్తూపం నేటికీ ఉన్నాయి. పరకాలలో 1947 సెప్టెంబరు 2 నాటి నిజాం పోలీసుల కాల్పుల మృతుల స్మారకంగా అమరధామం వెలిసింది. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం ఈ పోరాటంలో పాల్గొన్న మహిళలను కలిసి, వారి మాటలను 'మనకు తెలియని మన చరిత్ర'గా 1986లో ప్రచురించింది. 1985లో కన్నుమూసిన ఐలమ్మ స్వయంగా చెప్పిన కథనం అందులో ఉంది. బండి యాదగిరి పాట 'మా భూమి' సినిమాతో ఊరూరికీ పాకింది. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఐలమ్మ పేరు పెట్టారు.

ఇతర దేశాల అనుభవం

నాజీలు దాదాపు 60 లక్షల మంది యూదులను చంపిన మారణహోమం తెలంగాణలో జరిగిన హింసకంటే ఎన్నో రెట్లు పెద్దది, స్వభావంలోనూ వేరు. అయితే సాక్షులు పోకముందే వారి మాటలను భద్రపరచాలన్న తొందర రెండుచోట్లా ఒకటే. జెరూసలెంలో 1953లో ఆ మారణహోమ స్మారక సంస్థ యాద్ వషెమ్ ఏర్పడింది. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1994లో స్థాపించిన షోవా ఫౌండేషన్ 50 వేలకు పైగా సాక్ష్యాలను వీడియోల్లో నమోదు చేసింది.

వివాదాలు

నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17ను విమోచన దినమని కొందరు, విలీన దినమని మరికొందరు అంటారు. రాష్ట్ర ప్రభుత్వం 2022లో సమైక్యతా దినంగా, 2024లో ప్రజాపాలన దినంగా జరిపింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం జరిపిన 'పోలీసు చర్య' తర్వాత హైదరాబాద్ సంస్థానంలో ముస్లింలపై జరిగిన హత్యాకాండను నమోదు చేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఒక పక్షం గాయాలనే చెప్పి రెండో పక్షం గాయాలను దాస్తే, పిల్లలకు అందేది సగం చరిత్రే.