బిల్ గత్రిడ్జ్: ముప్పై ఏళ్లు రెండవ స్థానంలో

అమెరికాలో విశ్వవిద్యాలయాల బాస్కెట్‌బాల్ పోటీలకు గల ఆదరణ అపారమైనది. ప్రతి జట్టుకూ ఒక ప్రధాన శిక్షకుడు, ఆయనకు తోడుగా కొందరు సహాయ శిక్షకులు ఉంటారు. గెలుపోటములు ప్రధాన శిక్షకుని పేరిటే నమోదవుతాయి. పేరు రాని ఆ రెండవ స్థానంలో, ఒకే పెద్ద ప్రక్కన ముప్పై సంవత్సరాలు ఇష్టపూర్వకంగా పనిచేసిన వ్యక్తి బిల్ గత్రిడ్జ్.

సహాయ శిక్షకుని విధులు

ప్రత్యర్థి జట్ల ఆటను ముందుగా పరిశీలించి, వారి ఎత్తుగడలను తమవారికి వివరించాలి. ఉన్నత పాఠశాలల్లో రాణిస్తున్న విద్యార్థులను గుర్తించి, వారి ఇండ్లకు వెళ్లి, తల్లిదండ్రులను ఒప్పించి తమ విశ్వవిద్యాలయానికి రప్పించాలి. నిత్యసాధనలో ఒక్కొక్క ఆటగాని లోపాన్ని విడిగా దిద్దాలి. ఆట సాగుతుండగా తనకు తోచిన సలహా చెప్పాలి. తుది నిర్ణయం మాత్రం ప్రధాన శిక్షకునిదే. సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవాని పేరు ఎవరూ అడగరు. శ్రుతి తప్పితే మాత్రం అందరికీ తెలుస్తుంది. ఈ పదవి కూడా అటువంటిదే.

తొలి అడుగులు

గత్రిడ్జ్ 1937 జూలై 27న కాన్సాస్ రాష్ట్రంలోని పార్సన్స్ పట్టణంలో జన్మించారు. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో టెక్స్ వింటర్ శిక్షణలో ఆడి, 1960లో పట్టభద్రులయ్యారు. కొంతకాలం ఉన్నత పాఠశాల జట్టుకు శిక్షణ ఇచ్చిన పిమ్మట, 1962 నుండి 1967 వరకు వింటర్ వద్దనే సహాయకునిగా పనిచేశారు.

డీన్ స్మిత్ సరసన

1967లో ఆయన నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో డీన్ స్మిత్ వద్ద చేరారు. పొడగరి ఆటగాళ్లను తీర్చిదిద్దడంలోనూ, ఫ్రీ త్రోలు నేర్పడంలోనూ ఆయనకు మంచి పేరుండేది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో స్మిత్ నాయకత్వాన స్వర్ణపతకం గెలిచిన అమెరికా జట్టుకు కూడా ఆయన సహాయ శిక్షకుడే. నార్త్ కరోలినా 1982లోనూ, 1993లోనూ జాతీయ విజేత అయినప్పుడు ఆయన స్మిత్ ప్రక్కనే ఉన్నారు. 1982 తుదిపోరులో గెలుపు గోలు వేసిన కుర్రవాడే మైకేల్ జోర్డాన్.

1978లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆయనకు ప్రధాన శిక్షకుని పదవి ఇవ్వజూపింది. ముందు అంగీకరించిన గత్రిడ్జ్, తరువాత మనసు మార్చుకొని స్మిత్ వద్దనే నిలిచిపోయారు. పెద్ద పదవిని కాదనుకొన్న ఆ నిర్ణయంతో మరో 19 ఏళ్లు రెండవ స్థానంలోనే గడిచాయి.

అరవైయవ ఏట

1997 అక్టోబరులో, ఆటల కాలం ఆరంభం కానుండగా, 879 విజయాలు సాధించిన స్మిత్ విరమించుకున్నారు. అప్పటికి 60 ఏళ్లు నిండిన గత్రిడ్జ్‌కు బాధ్యత దక్కింది. ఆట ఆరంభంలో బరిలోకి దిగేది ఐదుగురే. ఆయన జట్టులో అందుకు తగినవారు ఆరుగురు ఉన్నారు. ఎవరినీ శాశ్వతంగా ప్రక్కన పెట్టక, ఒక్కొక్కరిని వంతులవారీగా కూర్చోబెట్టారు. ఆంటోన్ జేమిసన్, విన్స్ కార్టర్ వంటి మేటి ఆటగాళ్లకూ ఆ వంతు తప్పలేదు. ఆ ఏడాది జట్టు 34 ఆటలు గెలిచి, 4 మాత్రమే ఓడి, జాతీయ పోటీలో చివరి నాలుగు జట్లలో నిలిచింది. ఆయనకు 1998లో దేశపు ఉత్తమ శిక్షకునిగా గుర్తింపు లభించింది.

1999లో జట్టు జాతీయ పోటీ మొదటి ఆటలోనే వెబర్ స్టేట్ చేతిలో ఓడింది. విమర్శలు వచ్చాయి. 2000లో అదే జట్టు తిరిగి చివరి నలుగురిలో చేరింది. ఆ ఏడాదే ఆయన విరమించుకున్నారు. మూడేళ్లలో 80 విజయాలు, 28 పరాజయాలు.

ఆయన 38 ఏళ్ల విశ్వవిద్యాలయ శిక్షక జీవితంలో 35 ఏళ్లు సహాయకునిగానే గడిచాయి. పేరు రానంత మాత్రాన పని చిన్నది కాదనడానికీ, రెండవవానిగా నేర్చినది మొదటివాడైన నాడు అక్కరకు వస్తుందనడానికీ ఆ జీవితమే నిదర్శనం. 2015 ఫిబ్రవరి 7న స్మిత్ కన్నుమూశారు. అదే ఏడాది మే 12న, 77వ ఏట, గత్రిడ్జ్ కూడా పరమపదించారు.